జాలీబాయ్ తలుపు తీసి ఉంచాలా?

దక్షిణ అండమాన్‌లో వండూర్ అని ఒక ఊరుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి 29 కిలోమీటర్లు. ఆ పట్నానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మారింది గాని, అక్కడి మనవాళ్ళ నోట ఇప్పటికీ పోర్ట్ బ్లెయిరే. వండూర్ జెట్టీలో పడవెక్కితే, రెండు పక్కలా మడ అడవి కమ్ముకున్న పాయలోంచి గంటసేపు సాగి, జాలీబాయ్ అనే చిన్న దీవి ముందు లంగరు వేస్తారు. అక్కడ ఊరు లేదు, ఇల్లు లేదు, రాత్రి ఉండనివ్వరు. అడవి, తెల్లటి ఇసుక, ఇసుకను ఆనుకునే నీళ్ళలో పగడాలు.

1983 మే 24న ప్రకటించిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఈ దీవి ఒక భాగం. మొత్తం 15 దీవులు, 281.5 చదరపు కిలోమీటర్లు. అందులో నేల తక్కువ, నీరే ఎక్కువ. సందర్శకులకు తెరిచేవి రెండే దీవులు, అవి కూడా ఒకేసారి తెరవరు. సుమారుగా నవంబరు నుంచి మే దాకా జాలీబాయ్, మిగతా నెలల్లో రెడ్ స్కిన్. సోమవారం ఏదీ లేదు.

మొన్న ఫిబ్రవరిలో మేం ముగ్గురం వెళ్ళాం. మా బాబాయి, మా అక్క, నేను. బాబాయిది శ్రీకాకుళం తీరం. పదహారో ఏట విశాఖ రేవులో ఓడెక్కి అండమాన్ చేరి పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డాడు. మొదట వల పట్టాడు, తరువాత సందర్శకుల పడవ మీద పనిచేశాడు. ఇప్పుడు 62 ఏళ్ళు. అక్కడ ఆయనకు మనవాళ్ళ కొరత లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మందికి తెలుగే మాతృభాష. అక్క విశాఖలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. పగడాల గురించి పదిహేనేళ్ళుగా పాఠం చెబుతున్నా, బతికున్న పగడాన్ని చూడడం ఆమెకు అదే మొదలు.

జెట్టీలో సంచులు విప్పి చూశారు. ప్లాస్టిక్ సీసాలు తీయించారు. దీవికి జెట్టీ లేదు కనుక అడుగున అద్దం అమర్చిన చిన్న పడవల్లోకి మార్చి ఒడ్డుకు చేర్చారు. ఆ అద్దంలోంచి చూసినది రాయడానికి నాకు శక్తి చాలదు. జింక కొమ్ముల్లాంటివి, మెదడు ముడతల్లాంటివి, బల్లలు పరిచినట్టున్నవి. మధ్యమధ్య బూడిదరంగులో విరిగి పడున్న కొమ్మల గుట్టలు కూడా ఉన్నాయి. అక్క చూపు వాటి మీదే ఆగిపోయింది. తిరుగు ప్రయాణమంతా మాట్లాడలేదు.

సాయంత్రం బాబాయి ఇంట్లో, కోనెం పులుసుతో భోజనాలయ్యాక, వరండాలో మాట మొదలైంది. ఇద్దరూ నావాళ్ళే. ఒకరి మాటకు ఒకరు తగ్గలేదు. ఆ రాత్రి గుర్తున్నంత మేర ఇక్కడ రాస్తున్నాను.

అక్క: నన్నడిగితే ఇవాళ మనం చూసిందే ఆఖరు కావాలి బాబాయ్. జాలీబాయ్‌ని మూసెయ్యాలి. రెడ్ స్కిన్‌నీ మూసెయ్యాలి. 15 దీవుల్లో 13 మూసి ఉంచినవాళ్ళు ఈ రెండూ ఎందుకు వదిలారు?

బాబాయి: ఏటమ్మా, అంత మాట! పొద్దున్న అద్దంలోకి చూసి చిన్నపిల్లలా కేక పెట్టింది నువ్వే కదా.

అక్క: కేక పెట్టాను. ఆ తర్వాత ఒకాయన నీళ్ళలో ఊపిరందక తడబడి ఒక గుండు పగడం మీద రెండు కాళ్ళూ మోపి నిలబడడం చూశాను. ఎత్తు మీటరు దాకా ఉంటుంది. ఆ జాతి ఏడాదికి పెరిగేది సెంటీమీటరు, అటూఇటూగా. అంటే దాని వయసు నూరేళ్ళు. మా తాతకు తాత నాటిది. ఆయన నిలబడింది రాయి మీద కాదు. పైపొరలో వేల ప్రాణులు ఉంటాయి, ఒక్కొక్కటీ గోరంత కూడా ఉండదు. పగడమంటే అవే. కింద ఉన్న సున్నపురాయి వాటి పూర్వీకులు కట్టిన ఇల్లు. ఆయన పాదం పడినచోట ఆ ప్రాణులు నలిగి చచ్చాయి. ఆయనకు తెలియను కూడా తెలియదు.

బాబాయి: తెలియలేదు కాబట్టే కదా మనవాడు పడవ మీంచి అరిచి దింపాడు. నువ్వు అది కూడా చూసుంటావు. అరిచినవాడు ఎవడు? వండూర్ కుర్రాడు. వాడి బియ్యం ఆ పగడం మీదే ఉడుకుతుంది. దీవి మూసేస్తే ఆ కుర్రాడు ఏ కొత్త హోటల్‌కో ఇటుకలు మొయ్యడానికి పోతాడు. అప్పుడు రాత్రిపూట ఎవడైనా వచ్చి వల వేస్తే చూసేవాడెవడు? 281 చదరపు కిలోమీటర్లకి ఎంతమంది గార్డుల్ని పెడతారు తల్లీ?

అక్క: కాపలా కోసం సందర్శకుల్ని పిలవాలా?

బాబాయి: సందర్శకుల కోసం కాపలా వస్తుందంటున్నాను. నేనొచ్చిన కొత్తలో ఈ పార్కు లేదు. మేం డుంగీలు వేసుకుని ఈ దీవుల మధ్యే వేటాడేవాళ్ళం. పడవకి లంగరంటే ఏటనుకున్నావు? తాడుకి కట్టిన రాయి. పగడం మీద పడితే పడింది. పైగా గవ్వల వేట. ట్రోకస్, టర్బో అని పెద్ద గవ్వలు. గుండీలకీ అలంకారాలకీ కొనుక్కుపోయేవారు. మేం మునిగి తెచ్చేవాళ్ళం. ఎన్ని తెచ్చామో లెక్క లేదు. పార్కు వచ్చాక ఆ నీళ్ళలో వల నిషిద్ధం అయింది. కడుపు మండింది, నిజమే చెబుతున్నాను. మా నీళ్ళని మాకు కాకుండా చేశారనుకున్నాం. ఆ మంట చల్లారింది ఎప్పుడు? దీవి చూడ్డానికి జనం రావడం మొదలయ్యాక. వల పట్టిన చేత్తోనే చుక్కాని పట్టాను. పగడం విరిగితే నా కూడు పోతుందని అప్పుడు తెలిసింది.

ఇక్కడ ఒక మాట నేను చెప్పాలి. బాబాయి మొదటిసారి మా ఊరొచ్చి పగడాల గురించి చెప్పినప్పుడు, వింటున్న అందరి చూపూ మా నాయనమ్మ ఉంగరం మీదికే పోయింది. కుజదోషానికి పెట్టుకునే ఎర్ర పగడమే మనకు తెలిసిన పగడం. అది మధ్యధరా సముద్రపు లోతుల్లో, వెలుతురు అంతగా చేరని చోట దొరికే వేరే జాతి. మనకు అది కొత్తదీ కాదు. 1244లో గణపతిదేవుడు వేయించిన మోటుపల్లి శాసనంలో, సుంకం కట్టవలసిన సరుకుల్లో ముత్యాలు, కర్పూరంతో పాటు పగడం పేరూ ఉంది. కానీ ఎండ తగిలే నీళ్ళలో గోడలు కట్టి, దీవుల్ని అలల నుంచి కాచే పగడాన్ని మన తెలుగు తీరం పెద్దగా ఎరగదు. మన నదులు తెచ్చే ఒండ్రు నీటిలో అది పెరగలేదు. మనకు పరిచయం లేని ప్రాణి గురించి మనం వాదించుకుంటున్నామని ఆ రాత్రి నాకు పదేపదే అనిపించింది.

అక్క: నువ్వు చెప్పిందాంట్లోనే నా జవాబు ఉంది బాబాయ్. వల ఆపారు, చేప బతికింది. మన ఊళ్ళో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపుతారా లేదా? చేప గుడ్డు పెట్టే కాలం. నాన్న వల మడత పెట్టి గూట్లో పెడతాడు. ఎవరూ తప్పు పట్టరు. సముద్రానికి విశ్రాంతి కావాలని మన గంగపుత్రులకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఈ దీవికి మటుకు ఆ మర్యాద ఎందుకు లేదు?

బాబాయి: ఎందుకు లేదు! జాలీబాయ్ తెరిస్తే రెడ్ స్కిన్ మూత. రెడ్ స్కిన్ తెరిస్తే జాలీబాయ్ మూత. ఒక కాలు మోపి ఒక కాలు ఎత్తినట్టు. దాదాపు ఆరు నెలలు విశ్రాంతి. 61 రోజుల కన్నా ఎక్కువే కదా?

అక్క: ఆరు నెలల్లో పగడం ఎంత పెరుగుతుంది? అర సెంటీమీటరు. కొమ్మ పగడాలు కొంచెం త్వరగా పెరుగుతాయి, సరే. థాయ్‌లాండ్‌లో మాయా బే అని ఒక తీరం ఉంది. అక్కడ ఒక హాలీవుడ్ సినిమా తీశారు, 2000లో వచ్చింది. ఆ సినిమా చూసి జనం విరగబడ్డారు. రోజుకి అయిదు వేలమంది దాకా. పగడం చాలా భాగం చచ్చింది. 2018 జూన్‌లో మూసేశారు. మళ్ళీ తెరిచింది 2022 జనవరిలో. మూడున్నరేళ్ళు! ఆ మూడున్నరేళ్ళలో నల్లకొన సొరచేపలు తిరిగొచ్చాయి. మనుషులు పోతే వచ్చాయి బాబాయ్. ఇప్పుడు పడవల్ని ఆ తీరంలోకే రానివ్వరు, వెనక వైపు నుంచి దిగి నడిచి రావాలి.

బాబాయి: కానీ తెరిచారు.

అక్క: తెరిచారు.

బాబాయి: మళ్ళీ ఎందుకు తెరిచారంటావు? అక్కడి పడవలోళ్ళకీ పిల్లలున్నారు. సరే, నేనొకటి అడుగుతాను. 2010 సంగతి నీకు తెలుసా? పుస్తకంలో చదివి ఉంటావు. నేను కళ్ళతో చూశాను. ఆ ఏడు ఏప్రిల్లో నీళ్ళలో చెయ్యి పెడితే స్నానానికి కాచినట్టుంది. మొదట పగడాలకి కొత్త రంగులొచ్చాయి, లేత గులాబీ, లేత నీలం. సందర్శకులు మురిసిపోయారు. నాకు మాత్రం భయమేసింది. మే నెలకి తెల్లగా, సున్నం కొట్టినట్టు. ఆ తరవాత నాచు పట్టి బూడిదరంగు. ఇవాళ నువ్వు చూసిన ఆ విరిగిన గుట్టలు చాలావరకు అప్పటివే. ఇప్పుడు చెప్పు, ఆ ఏడు ఎవడు తొక్కాడు? జనం దిగేచోటా తెల్లబడ్డాయి, ఎవడూ దిగని దీవుల దగ్గరా తెల్లబడ్డాయి. మూసిన తలుపు వేడిని ఆపిందా?

ఆ మాటకు అక్క చాలాసేపు ఏమీ అనలేదు. ఆమె ముఖంలో ఉక్రోషం తగ్గి ఆలోచన రావడం నేను చూశాను. అది ఆమెకు తెలియని విషయం కాదు. 2016లో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ అంతటిలో అతి దారుణంగా దెబ్బతిన్నది ఉత్తర భాగమని ఆమే నాకు చెప్పింది. మనుషులు తక్కువ వెళ్ళే, ఏ మచ్చా లేదనుకున్న భాగం అది.

అక్క: ఆపలేదు. ఒప్పుకుంటాను. పగడం ఒంట్లో కంటికి కనిపించని నాచు ఉంటుంది బాబాయ్. రంగు దానిదే. ఎండలో అన్నం వండేదీ అదే, తాను తిని పగడానికీ పెడుతుంది. వేడి పెరిగితే ఆ నాచు విషం కక్కుతుంది, పగడం దాన్ని వెళ్ళగొట్టేస్తుంది. నువ్వు చూసిన తెలుపు పగడం ఎముక. అప్పటికి అది చచ్చిపోలేదు, పస్తు పడుంది. మామూలు వేసవిలో ఉండే గరిష్ఠ వేడి కన్నా ఒక్క డిగ్రీ పెరిగి నాలుగు వారాలు నిలిస్తే తెల్లబారడం మొదలు. ఎనిమిది వారాలైతే చావులు. ప్రపంచమంతటా ఇలాంటి పెద్ద గండం 1998లో వచ్చింది, 2010లో వచ్చింది, 2014 నుంచి 17 దాకా వచ్చింది. నాలుగోది వచ్చిందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. మొదటి రెండింటి మధ్య ఉన్నంత ఎడం మళ్ళీ ఎప్పుడూ దొరకలేదు.

బాబాయి: మరదే నేననేది. దానికి నా పడవ ఏం చేస్తుంది?

అక్క: విను. జ్వరం వచ్చినవాడిని నువ్వు బరువు మొయ్యమంటావా? జ్వరం నీవల్ల రాలేదు, నిజమే. కానీ మొయ్యమనకుండా ఉండడం నీ చేతిలో ఉంది. ఆస్ట్రేలియాకి వాయవ్యాన స్కాట్ రీఫ్ అని నడిసముద్రంలో ఉంది. 1998 వేడికి అక్కడి పగడాల్లో ముప్పాతిక మీదే పోయాయి. దగ్గర్లో వేరే పగడాలు లేవు, విత్తనం బయట నుంచి రావాలంటే రాదు. ఇక లేవదనుకున్నారు. పన్నెండేళ్ళలో లేచింది. కారణం? అక్కడ మనుషుల తాకిడి లేదు. బురద నీళ్ళు లేవు. నాచు మేసే చేపలు నిండుగా ఉన్నాయి. చచ్చిన పగడం మీది నాచుని చిలుకచేప గీకి తింటేనే కొత్త పగడం పిల్ల అతుక్కుంటుంది. జాలీబాయ్ ఇసుక తెల్లగా ఉందని మురిసిపోయాం కదా, అందులో ఎంతో భాగం చిలుకచేపలు పగడం కొరికి పొడి చేసి వదిలినదే. పెద్ద చేప ఒక్కటి ఏడాదికి వందల కిలోలు వదులుతుంది. వేడిని జాలీబాయ్ ఆపలేదు. లేచి నిలబడడం దాని చేతిలో ఉంది. ఆ ఒక్కటైనా మనం అడ్డుకోకూడదు. అందుకే మూసెయ్యమంటున్నాను.

బాబాయి: నువ్వు చదువుకున్నదానివి, నీ మాట కాదనను. ఒకటి చెప్పనా? నా మనవడికి తొమ్మిదేళ్ళు. ఈ జంగ్లీఘాట్‌లో పుట్టాడు. రేవులో రోజూ చేప దిగడం చూస్తాడు. పగడం చూడలేదు. ఇక్కడ మత్స్యకారుల పిల్లల్లో చాలామంది చూడలేదు. టికెట్టు పెట్టి, పర్మిట్టు తీసుకుని, ఒక రోజు కూలీ వదులుకుని పిల్లల్ని తీసుకెళ్ళేదెవరు? పోయిన ఏడు వాణ్ణి తీసుకెళ్ళాను. అద్దం మీద ముఖం ఆనించి, ఎంతసేపున్నాడో, లేవలేదు. ఇంటికొచ్చి వాళ్ళ నాన్నని ఏమడిగాడో తెలుసా? నాన్నా, మన లంగరు రాయి వేటి మీద పడుతుంది, అని. నా కొడుకు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఉండిపోయాడు. ఎన్ని బోర్డులు పెడితే ఆ ప్రశ్న పుడుతుంది? దీవి మూసేసి ఉంటే ఆ ప్రశ్న వాడి నోట్లోంచి వచ్చేదా?

అక్క: ఆ పిల్లాడి కోసమైతే నేనే తలుపు తీస్తాను బాబాయ్. ఇవాళ మన పడవలో అలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారు? ఒక్కరు లేరు. అంతా హైదరాబాదు, కలకత్తా, చెన్నై. మనతో సహా. అయిదు రోజుల ప్యాకేజీలో అదొక పూట. 2023 జులైలో ఇక్కడ కొత్త విమానాశ్రయ భవనం తెరిచారు. ఏడాదికి 50 లక్షలమంది ప్రయాణికులకు సరిపడేట్టు కట్టారు. 2011 లెక్కల్లో ఈ దీవులన్నింటి జనాభా 3 లక్షల 80 వేలు. ఈ లెక్కలో నీ మనవడి చోటు ఎక్కడ? వచ్చేవాళ్ళు అంతకంతకూ పెరుగుతారు. పడవలు పెంచమని అడుగుతారు. ఇవాళ లెక్క కట్టి పంపుతున్నవాళ్ళు రేపు ఆ ఒత్తిడికి నిలబడతారని నీకు నమ్మకముందా?

బాబాయి: (కొంచెం ఆగి) పూర్తిగా లేదు.

అక్క: మరి?

బాబాయి: నమ్మకం లేదని తలుపుకి మేకులు కొట్టేస్తే ఎలాగమ్మా. ఈ దీవులు ఎన్ని చూశాయి! 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు, అల సంగతి అలా ఉంచు, నేలే దిగిపోయింది. వండూర్ పోయే దారిలో సిప్పీఘాట్ దగ్గర నీళ్ళు చూశావు కదా? అవి చెరువులు కావు. వరి పొలాలు. ఒక మీటరు మేర భూమి కుంగి ఉప్పునీటి పాలయ్యాయి. వండూర్ ఒడ్డున పడి ఉన్న మానులు అప్పటివే. అయినా ఇక్కడి పగడం చాలా వరకు బతికింది.

అక్క: ఇక్కడ కుంగింది కనుక బతికింది. ఉత్తర అండమాన్ వైపు నేల పైకి లేచింది. అక్కడ పగడాలు నీళ్ళలోంచి బయటపడి, గాలికీ ఎండకీ ఎండి చచ్చాయి, ఉన్నవి ఉన్నట్టే. పగడానికి ఓపిక ఉంది బాబాయ్, వేగం లేదు. మెల్లగా వచ్చే కష్టాన్ని ఓర్చుకుంటుంది. ఒక్కసారిగా వస్తే దానికి పారిపోయే కాళ్ళు లేవు.

ఆ తరువాత మాట వేరే దారి పట్టింది. ఈ నీళ్ళు ఎవరివి అని అక్క అడిగింది. మావే అన్నాడు బాబాయి, వెంటనే తనే సర్దుకున్నాడు. పార్కుకు దక్షిణాన రట్లండ్ దీవి ఉంది. అక్కడ జంగిల్ అనే ఆదివాసులుండేవారు. వారిని చివరిసారి చూసినట్టు రికార్డయినది 1907లో. 1920ల నాటికి ఆ జాతే లేదు. మనం పడవల్లో వచ్చి, వలలు వేసి, తరువాత టికెట్లు కొట్టిన ఈ నీళ్ళను మనకన్నా ముందు ఎరిగినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ భాషలో పగడాన్ని ఏమనేవారో చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. ఈ సంగతి బాబాయి చెబుతుంటే వరండాలో ఎవరూ కదల్లేదు. అసలు వాదానికి మళ్ళీ ఆయనే తెచ్చాడు.

బాబాయి: నువ్వు ఇందాక ఏప్రిల్, మే అన్నావు. వేట నిషేధం. 2010లో తెల్లబడిందీ ఏప్రిల్, మేలోనే. ఒకటి తడుతోంది నాకు. జాలీబాయ్ నవంబరు నుంచి మే దాకా తెరుస్తారు. ఎందుకు? తరువాత నైరుతి గాలి లేస్తుంది. జాలీబాయ్ బయటి సముద్రం వైపు ఉంది, అల ఎక్కువ. రెడ్ స్కిన్ లోపలికి ఉంది, పడవకి భయం లేదు. అంటే ఆ నెలలు గాలిని బట్టి పడవల వీలు కోసం వచ్చినవి. పగడం వీలు అందులో లేదు.

అక్క: (నిటారుగా కూర్చుని) బాబాయ్! అదే, అదే. సముద్రం అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కే రెండు నెలల్లో ఆ దీవి తెరిచి ఉంటోంది. వేసవి సెలవులని జనం వచ్చేదీ అప్పుడే. జ్వరం ముదిరినప్పుడే చుట్టాలు ఇంటినిండా దిగినట్టు.

బాబాయి: నీళ్ళ వేడి కొలవడం కష్టమా?

అక్క: కష్టమేం కాదు. ఉపగ్రహాలు రోజూ కొలుస్తున్నాయి. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అని మన సముద్ర సమాచార సంస్థ ఉంది, వాళ్ళు పగడాలకు తెల్లబారే ముప్పు ఉందని ముందే హెచ్చరికలు ఇస్తారు, అండమాన్‌కీ ఇస్తారు. 2010 వేడి తరువాత, ఇదే అండమాన్ సముద్రం అవతలి ఒడ్డున థాయ్‌లాండ్ 2011 జనవరిలో 18 చోట్ల డైవింగు ఆపించింది. చెయ్యలేని పని కాదు.

బాబాయి: అయితే నా మాట విను. కేలెండరు చూసి కాదు, నీళ్ళ వేడి చూసి మూసెయ్యమను. వేడి హద్దు దాటిందా, ఆ రోజే మూత. నెలకా, రెండు నెలలకా, ఏడాదికా, అది పగడం చెప్పాలి. కానీ మన ఊళ్ళో వేట ఆపిన రోజులకి సర్కారు భృతి ఇస్తుంది కదా, అలాగే ఇక్కడ పడవవాళ్ళకీ ఇవ్వాలి. ఇచ్చి చూడమను. వేడెక్కిన ఏడు ఆ దీవికి తాళం వేసేది నేనే. కాపలా కాసేదీ నేనే.

అక్క: మిగతా రోజుల్లో?

బాబాయి: మిగతా రోజుల్లో పడవ కదులుతుంది. ప్రతి పడవలో మా పిల్లలకి నాలుగు సీట్లు ఉచితంగా ఉంచాలి. నీకు ఇష్టమైనా లేకపోయినా.

అక్క: నాలుగు చాలవు, పది ఉండాలి. కానీ నేను మటుకు మళ్ళీ రాను బాబాయ్. ఒక్కసారి చూశాను, నా పాఠానికి జన్మంతా సరిపోతుంది. నా వంతు సీటు ఆ పిల్లలకి ఇవ్వు. అందరూ అలా అనుకునే దాకా, మూసెయ్యమనే మాటని నేను వెనక్కి తీసుకోను.

బాబాయి: నేనూ తీసుకెళ్ళడం మానను.

అలా లేచారు ఇద్దరూ. రాజీ పడలేదు, పడ్డట్టు నేను రాయను.

నా తీర్పు అడిగితే, నీళ్ళ వేడి చూసి మూసెయ్యమన్న బాబాయి మాటే సరైనదని నమ్ముతున్నాను. పూర్తిగా మూసిన దీవిని ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు వేరే పనికి అడుగుతారు. చూసినవాళ్ళు ఉంటేనే అడ్డుపడేవాళ్ళు ఉంటారు. కానీ ఏప్రిల్, మే నెలల్లో, నీరు కాగుతున్నప్పుడు, ఆ తలుపు తీసి ఉంచడం తప్పు. ఆ తప్పును సవరించే ఖర్చు పడవవాడి మీద వెయ్యడం అంతకన్నా పెద్ద తప్పు. మన తీరంలో చేప కోసం 61 రోజులు సముద్రాన్ని మూసి, వేట మానినవాడికి భృతి ఇవ్వడం చేతనైన దేశానికి, పగడం కోసం ఒక చిన్న దీవిని మూయడం చేతకాకపోదు.

మీరు వెళ్ళదలిస్తే డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళ్ళండి. వేసవి సెలవుల్లో వద్దు. ఒంటికి ఎండ క్రీము పూసుకునే బదులు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. కొన్ని క్రీముల్లో ఉండే ఆక్సీబెంజోన్ అనే రసాయనం పగడపు పిల్లలకు హాని చేస్తుందని పలావ్ దేశం 2020 నుంచి, హవాయి రాష్ట్రం 2021 నుంచి అలాంటివాటిని నిషేధించాయి. ఈత రాకపోతే నీళ్ళలో దిగకండి. అద్దంలోంచి చూసింది తక్కువేం కాదు. కాలు ఆనడానికి ఏదీ లేదనిపిస్తే చేతులు చాచి తేలండి, పగడం మీద నిలబడకండి. చచ్చిన ముక్కే కదా అని సంచిలో వేసుకోకండి. దీవులను కట్టే ఈ పగడాలు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులితో సమానంగా ఉన్నాయి. పక్కన స్థానిక పిల్లలు కనిపిస్తే అద్దం దగ్గర వాళ్ళకు చోటివ్వండి.

మేం తిరిగొచ్చిన రోజు బాబాయి మనవడు జెట్టీ దాకా వచ్చి అక్కను ఒకటే అడిగాడు, ఆ తెల్లబడినవి మళ్ళీ రంగెక్కుతాయా అని. ఎక్కుతాయి, నీళ్ళు త్వరగా చల్లబడితే, అని చెప్పింది అక్క.